‘కట్టించాను’ అనగలిగితే ఫ్రెంచి ‘ఫేర్’ సగం వచ్చినట్టే

ఫ్రెంచిలో ‘చేయు’ అనే అర్థమున్న క్రియ ఫేర్. ‘ఉండు’కి వాడే ఎత్ర్, ‘కలిగి ఉండు’కి వాడే అవ్వార్ తర్వాత రోజువారీ మాటల్లో తరచుగా చెవిన పడే క్రియల్లో ఇదొకటి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజీగా ఫ్రెంచి తీసుకున్న పిల్లల దగ్గర్నుంచి, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి పరీక్షలకి కూర్చునే ఉద్యోగుల దాకా మనవాళ్లలో చాలామంది దీన్ని ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. ఫేర్ అంటే ‘డూ’, ‘మేక్’ అని మొదటిరోజే నోట్సులో రాసుకుంటారు. ఆ రెండు మాటలే తర్వాత ఏళ్ల తరబడి తప్పులు చేయిస్తాయి.

పదాలు గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లీషు ఆసరా పనికొస్తుంది, కాదనను. కానీ ఫేర్ వాక్యంలో ఎలా కుదురుకుంటుందో అర్థం కావాలంటే తెలుగే దగ్గర దారి. మన ‘-ఇంచు’, ‘-ఇంచుకొను’, ‘-నివ్వు’ ఏం చేస్తాయో ఫ్రెంచివాళ్లు ఫేర్‌తోనూ దాని పక్కనుండే మరో క్రియతోనూ అదే చేస్తారు. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు. మన ఇంట్లో ఉన్న తాళంచెవిని పక్కనపెట్టి పక్కింటివాళ్లని అడగడం ఎందుకన్నదే నా ప్రశ్న.

ముందు ఉచ్చారణ సంగతి. ఫ్రెంచి ముక్కు అచ్చులకి ఇక్కడ అరసున్న వాడుతున్నాను. అది అలంకారానికి పెట్టింది కాదు. అరసున్న ఉన్నచోట గాలి ముక్కులోంచి పోవాలి, నాలుక ఎక్కడా తగలకూడదు. ‘వాళ్లు చేస్తారు’ అనేది ఇల్ ఫోఁ. ‘కావాలి, తప్పదు’ అనేది ఇల్ ఫో. రెంటికీ తేడా ఆ అరసున్న ఒక్కటే. మనవాళ్లు మొదటిదాన్ని ‘ఫోన్’ అని నకారంతో ముగిస్తారు, అప్పుడది ఫ్రెంచివాళ్ల చెవికి టెలిఫోను తోకలా వినిపిస్తుంది. అలాగే ఫె అంటే ‘చేస్తాను’, ఫెఁ అంటే ‘ఆకలి’.

వర్తమాన కాలంలో రూపాలు ఇవి: జ ఫె, త్యు ఫె, ఇల్ ఫె, ను ఫజోఁ, వు ఫెత్, ఇల్ ఫోఁ. మూడోది రాతలో వేరుగా కనిపించినా మొదటి మూడూ నోట్లో ఒకటే. తప్పు జరిగేది నాలుగు, ఐదు దగ్గర. నాలుగో దానిలో ఏ, ఐ అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి ‘ఫెజోఁ’ అని చదవబోతారు. అక్కడ ఆ జంట అక్షరాలు తమ మామూలు పలుకు వదిలేసి మన ‘అ’కి దగ్గరగా, పెదాలు కాస్త గుండ్రం చేసినట్టు పలుకుతాయి. భూతకాలంలో ‘చేసేవాణ్ణి’ అనే ఫజె రూపానికీ అదే పలుకు. ఐదోదాన్ని తక్కిన క్రియల వరసలో ‘ఫజే’ చేసేస్తారు. అది తప్పు. ముందు ముక్కలు చేరి వీటినుంచే పుట్టిన క్రియల్ని వదిలేస్తే, వర్తమానంలో ‘వు’తో ఇలా ‘త్’ పలికే క్రియలు మొత్తం ఫ్రెంచిలో మూడే: ఎత్ర్‌కి వు జెత్, ఫేర్‌కి వు ఫెత్, ‘చెప్పు’కి వాడే దీర్‌కి వు దిత్. అలాగే ‘వాళ్లు’తో ఓఁ అని ముగిసే వర్తమాన రూపాలు నాలుగే: సోఁ, ఓఁ, ఫోఁ, వోఁ. వరసగా ఉన్నారు, కలిగి ఉన్నారు, చేస్తారు, వెళ్తారు. ఈ మూడూ ఈ నాలుగూ ఎక్కంలా వల్లె వేయాల్సిందే, వీటికి వేరే ఉపాయం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. వంటింట్లో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది.

పొయ్యి మీద నీళ్లు ‘మరుగుతాయి’. మనం నీళ్లని ‘మరిగిస్తాం’. నీళ్లు చేసే పని ఒకటి, మనం చేసేది ఇంకొకటి, తెలుగులో రెండు వేర్వేరు మాటలు. ఫ్రెంచిలోనూ అంతే. నీళ్లు మరుగుతున్నాయి అనడానికి లో బు. మరిగిస్తున్నాను అనడానికి జ ఫె బుయీర్ లో. బుయీర్ అంటే మరుగు, దానికి ముందు ఫేర్ చేర్చితే మరిగించు. ఇంగ్లీషులో మరగడానికీ మరిగించడానికీ మాట ఒకటే కాబట్టి, ఆ దారిన వచ్చినవాళ్లు ‘జ బు లో’ అంటారు. ఫ్రెంచి మనిషి చెవికి ‘జ బు’ అంటే ‘నేను ఉడికిపోతున్నాను’ అని, కోపంతో. మన తెలుగులోనూ కోపంతో ఉడికిపోతాం, చూడండి.

ఇదే పద్ధతిలో ఉడుకు కుయీర్, ఉడికించు ఫేర్ కుయీర్. కరుగు ఫోఁద్ర్, కరిగించు ఫేర్ ఫోఁద్ర్. వేగు ఫ్రీర్, వేయించు ఫేర్ ఫ్రీర్. ఉల్లిపాయలు దోరగా వేయించడానికి ఫ్రెంచి వంట పుస్తకాల్లో ఫేర్ రవనీర్ అని ఉంటుంది. రవనీర్ అంటే మామూలుగా ‘తిరిగి వచ్చు’. నూనెలో రంగు తిరిగేదాకా వేయించడానికి ఆ మాట స్థిరపడిపోయింది. నిఘంటువులో విడిగా వెతికితే ‘ఉల్లిపాయల్ని వెనక్కి రప్పించండి’ అని వచ్చి బుర్ర తిరుగుతుంది, ఫేర్‌తో కలిపి వెతకాలి.

అదే వంటకంలో ఇంకో రెండు వాక్యాలు దిగండి, లెస్సే మిజొతే, లెస్సే రఫ్రువాదీర్ అని కనిపిస్తాయి. సన్నసెగ మీద ఉడకనివ్వాలి, చల్లారనివ్వాలి. లెస్సే అంటే ‘వదులు’, దాని పక్కన క్రియ చేరితే మన ‘-నివ్వు’. మరిగించి చల్లారనివ్వాలి అని మనం ఒక్క ఊపులో అనే మాట ఫ్రెంచిలోనూ అదే కట్టుతో ఉంటుంది. మనం జోక్యం చేసుకుంటే ఫేర్, అడ్డుపడకుండా ఊరుకుంటే లెస్సే. అర్థశాస్త్రం చదివినవాళ్లకి బాగా తెలిసిన ‘లెస్సే ఫేర్’ కూడా ఇంతే. ‘చేయనివ్వండి’ అని అచ్చ తెలుగులో ఒక్క మాట. ప్రభుత్వం వ్యాపారంలో తలదూర్చవద్దన్న సిద్ధాంతానికి పెద్ద పేరులా కనిపించే ఆ మాట, విడదీస్తే మన ఇంట్లో రోజూ అనే మాటే.

తెలుగులో ‘కట్టించాను’ ఒక్క మాట. ‘కట్టు’కీ ‘ఇంచు’కీ మధ్య ఎవరూ ఏమీ దూర్చలేరు. ఫ్రెంచిలో ఫేర్, దాని తర్వాతి క్రియ రాతలో రెండు మాటలే గానీ, వ్యవహారంలో ఒక్క మాటే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పాఠ్యపుస్తకాలు విడివిడిగా చెప్పే నియమాలన్నీ వాటంతటవే వస్తాయి.

‘నేను ఇల్లు కట్టించాను’ అనేది జె ఫె కోఁస్త్రుయీర్ యున్ మెజోఁ. జె ఫె ‘చేశాను’, కోఁస్త్రుయీర్ కట్టు, మెజోఁ ఇల్లు. ఇల్లు చివరికి పోవాలి. ఇంగ్లీషులో ఇల్లు మధ్యలోకి వస్తుంది కాబట్టి మనవాళ్లు ‘జె ఫె యున్ మెజోఁ కోఁస్త్రుయీర్’ అంటారు. అది ‘కట్టు’కీ ‘ఇంచు’కీ మధ్య ఇల్లు పెట్టినంత వింతగా ఉంటుంది. మధ్యలో చేరడానికి వీలున్నవి చిన్న చిన్న మాటలే: ‘కాదు’ అనే పా, ‘బాగా’, ‘ఎప్పుడూ’ లాంటి క్రియావిశేషణాలు, ఆజ్ఞ వేసేటప్పుడు సర్వనామం. ‘ఆయన్ని లోపలికి పంపించండి’ అనేది ఫెత్ ల ఆఁత్రే. లెస్సేకి మాత్రం ఇంత పట్టుదల లేదు. ‘పిల్లల్ని ఆడుకోనివ్వు’ అనడానికి పిల్లల్ని మధ్యలో పెట్టినా చివర పెట్టినా ఒప్పే.

సర్వనామం సంగతీ అంతే. ‘దాన్ని కట్టిస్తున్నాను’ అనేటప్పుడు ‘దాన్ని’ మొత్తం క్రియకి ముందు రావాలి: జ లా ఫె కోఁస్త్రుయీర్. ‘జ ఫె లా కోఁస్త్రుయీర్’ అనకూడదు. తెలుగులో ‘దాన్ని’ ఎలాగూ క్రియకి ముందే వస్తుంది కాబట్టి మనకి ఇందులో కొత్తేమీ లేదు.

విభక్తుల దగ్గర ఈ పోలిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. పిల్లాణ్ణి నవ్వించాను అంటాం, పిల్లాడికి అన్నం తినిపించాను అంటాం. మొదటిదానిలో ‘ని’, రెండోదానిలో ‘కి’. ఎందుకని? నవ్వుకి కర్మ లేదు, ఆ చోటు ఖాళీగా ఉంది కాబట్టి పిల్లాడు అక్కడ కూర్చున్నాడు. తినడానికి అన్నం అనే కర్మ ఉంది, చోటు నిండిపోయింది, అందుకని పిల్లాడు ‘కి’ పట్టుకుని పక్కకి జరిగాడు. ఫ్రెంచి సరిగ్గా ఇదే చేస్తుంది. ‘వాణ్ణి నవ్విస్తాను’ జ ల ఫె రీర్. ‘వాడికి సూపు తాగిస్తాను’ జ లుయి ఫె మాఁజే లా సూప్. ‘ల’ వాణ్ణి, ‘లుయి’ వాడికి. ఫ్రెంచిలో సూపుని తింటారు, అందుకే అక్కడ మాఁజే వచ్చింది. ఇంగ్లీషులో వాణ్ణి, వాడికి రెంటికీ ఒకే రూపం, కాబట్టి ఆ భాష మీదుగా వచ్చినవాళ్లకి ఈ తేడా కనిపించనే కనిపించదు. వ్యాకరణ పుస్తకం పేజీల కొద్దీ వివరించే ఈ విషయం మన నోటికి మూడేళ్ల వయసు నుంచే తెలుసు.

మూడో విభక్తి కూడా ఉంది. మేస్త్రీ చేత గోడ కట్టించాను. ఫ్రెంచిలో ఆ ‘చేత’కి పార్: జె ఫె కోఁస్త్రుయీర్ ల మ్యూర్ పార్ ల మసోఁ. డబ్బిచ్చో పురమాయించో పని చేయించుకున్నప్పుడు పార్ సహజంగా ఉంటుంది. తినిపించడం, తాగించడం, చూపించడం లాంటివాటిలో అవతలి మనిషే అనుభవించేవాడు కాబట్టి పార్ పొసగదు, ‘ఆ’ అనే విభక్తే రావాలి. తెలుగులోనూ ‘పిల్లాడి చేత అన్నం తినిపించాను’ అంటే పిల్లాడు ఇంకెవరికో తినిపించినట్టు వస్తుంది.

ఒకచోట మాత్రం దారులు వేరవుతాయి. ‘వాడి చేత హోంవర్కు చేయించాను’ అనడానికి మనం ‘చేత’ వాడతాం, ఫ్రెంచివాళ్లు ‘కి’ వాడతారు: జ లుయి ఎ ఫె ఫేర్ సే దవార్. సర్వనామం వచ్చినప్పుడు దాదాపు ఎప్పుడూ లుయి అనే అంటారని గుర్తుంచుకోండి. దీనివల్ల అక్కడ ఒక సందిగ్ధం కూడా పుడుతుంది. జె ఫె ఎక్రీర్ యున్ లెత్ర్ ఆ రవి అంటే రవికి ఉత్తరం రాయించానా, రవి చేత రాయించానా? రెండూ కావచ్చు. రెండోది స్పష్టంగా చెప్పాలంటే పార్ రవి అనాలి. మనకి ఆ ఇబ్బందే లేదు.

రాతలో కూడా ఒక లాభం ఉంది. ఫ్రెంచిలో భూతకాల రూపానికి కర్మ ముందు వస్తే లింగవచనాలు అంటుకుంటాయి. ‘నేను చేసిన తప్పులు’ లే జెరర్ క జె ఫెత్, అక్కడ త్ వినిపిస్తుంది. కానీ ‘నేను కుట్టించిన గౌను’ లా రోబ్ క జె ఫె ఫేర్, గౌను స్త్రీలింగమైనా ఫె మారదు. ఎందుకంటే అక్కడ ఫె ఒంటరిగా లేదు, తర్వాతి క్రియతో అతుక్కుపోయి ఉంది, గౌను ఆ మొత్తానికి కర్మ. ‘ఇంచు’కి లింగం ఏముంటుంది? 1990 నాటి స్పెల్లింగు సవరణలు లెస్సేకి కూడా ఇదే పద్ధతిని సిఫారసు చేశాయి, తర్వాత క్రియ ఉంటే మార్చనక్కర్లేదని. ఫేర్ విషయంలో ఇది ఎప్పటినుంచో ఉన్న నియమమే. మాటలో కూడా ఫె, ఫెత్ వేరుగా పలుకుతాయి కాబట్టి ఇక్కడ తప్పు చెవికి దొరికిపోతుంది.

ఇప్పుడు ‘-ఇంచుకొను’. దీని దగ్గర చేసే తప్పు చాలా ఖరీదైనది. క్షవరం చేయించుకున్నాను, జాకెట్టు కుట్టించుకున్నాను, రక్తపరీక్ష చేయించుకున్నాను. మనకోసం, ఇంకొకరి చేత. ఫ్రెంచిలో దీనికి స ఫేర్, తర్వాత క్రియ. ‘నేను’ అయినప్పుడు ఆ స కాస్తా మ అవుతుంది. జ మ ఫె కుపే లే షవొ, జుట్టు కత్తిరించుకుంటున్నాను, మంగలి చేత. ఇందులోంచి ఫేర్ తీసేసి జ మ కుప్ లే షవొ అంటే అద్దం ముందు నిలబడి కత్తెర పట్టుకుని నేనే కోసుకుంటున్నానని. బట్టలు కుట్టించుకోవడానికి ఏకంగా రెండు ఫేర్‌లు వరసగా వస్తాయి: జ మ ఫె ఫేర్ యున్ రోబ్. రెండుసార్లు అంటే తప్పేమోనని చాలామంది ఒకటి మింగేస్తారు. మింగకండి. ఒకటి ‘చేయు’, ఇంకొకటి ‘ఇంచు’.

ఆఫీసు కాగితాల దగ్గర ఈ తేడా పెద్దదవుతుంది. ఫ్రాన్సులో సర్టిఫికెట్ల అనువాదం కోర్టు జాబితాలో ఉన్న, ప్రమాణం చేసిన అనువాదకుల చేత చేయించి ఇవ్వాల్సి వస్తుంటుంది. అప్పుడు అనాల్సింది జె ఫె త్రదుయీర్ మే దిప్లోమ్, అనువాదం చేయించాను. జె త్రదుయి మే దిప్లోమ్ అంటే నేనే చేశానని, అవతలి గుమాస్తా వెంటనే కాగితాలు వెనక్కి ఇస్తాడు. కారు రిపేరు చేయించాను అనేది జె ఫె రెపారే లా వువాత్యూర్. అద్దెకున్న ఇంట్లో కుళాయి బాగు చేయించానని చెప్పాల్సిన చోట ఫేర్ వదిలేస్తే, మీరే పానా పట్టుకుని విప్పారని ఇంటాయన అనుకుంటాడు. బిల్లు ఎవరు కట్టాలన్న మాట వచ్చినప్పుడు అది చిన్న విషయం కాదు.

మనం కోరుకోకుండా నెత్తిమీదికి తెచ్చుకున్నవాటికి కూడా స ఫేర్ వాడతారు. ఇక్కడ ఇంగ్లీషు వ్యాకరణాలు ‘ఇది ఒక రకం కర్మణి ప్రయోగం’ అని అవస్థ పడతాయి. తెలుగులో అమ్మచేత తిట్టించుకున్నాను, దోమల చేత కుట్టించుకున్నాను, అనవసరంగా కొట్టించుకోకు అంటాం. ఎవరూ కావాలని తిట్టించుకోరు, అయినా మాట అలాగే వస్తుంది, అందులో ‘నా తప్పు కూడా కొంత ఉంది’ అన్న ఛాయ ఉంటుంది. స ఫేర్ గ్రోఁదే తిట్టించుకోవడం, స ఫేర్ పికే కుట్టించుకోవడం. ఛాయతో సహా కుదిరింది. ఫ్రెంచివాళ్లు ఇంకో అడుగు ముందుకెళ్లి పర్సు పోయినా జ మ సుయి ఫె వొలే మోఁ పోర్తఫయ్ అంటారు. దాన్ని మాటకి మాట తెలుగు చేయలేం, మనం ‘నా పర్సు కొట్టేశారు’ అంటాం. పోలిక అక్కడ ఆగిపోతుంది, ఒప్పుకోవాలి.

ఆగిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి, అవి దాచిపెట్టి వాదన గెలవాలని లేదు. మొదటిది, ‘-ఇంచు’ కనిపించిన ప్రతిచోటా ప్రేరణ, అంటే ఇంకొకరి చేత పని జరిపించడం, ఉండదు. ప్రేమించు, ఊహించు, ఆలోచించు, ప్రయాణించు, ఇవి సంస్కృత పదాలకి తెలుగు క్రియ తొడుగు వేసుకున్నవి. వీటికి ఫేర్ అక్కర్లేదు. ‘వాడి చేత’ అని ఇంకొకరిని తెచ్చిపెట్టగలమా లేదా అని చూసుకుంటే తేలిపోతుంది. రెండోది, పంపించు లాంటివాటికి ఫ్రెంచిలో సొంత క్రియ ఆఁవ్వాయే ఉంది. చూపించుకి మోఁత్రే ఉంది, అయినా ఇంట్లోవాళ్లు, స్నేహితులు ‘ఏదీ, చూపించు’ అనడానికి ఫె వార్ అనే అంటారు, అది అచ్చంగా చూపించే. మూడోది, పిల్లల్ని ‘చదివించడం’. ఫేర్ లీర్ అంటే పుస్తకం చదివించడం మాత్రమే, ఫీజులు కట్టి చదివించడం కాదు.

నాలుగోది పెద్ద గుంట. తెలుగులో ‘వాణ్ణి ఏడిపించాడు’, ‘వాణ్ణి పిచ్చివాణ్ణి చేశాడు’ అంటాం. మొదటిది ఫేర్, ఇల్ లా ఫె ప్లొరే. రెండోదానిలో మనకి ‘చేయు’ ఉన్నా ఫ్రెంచిలో ఫేర్ రాదు, రాఁద్ర్ అనే వేరే క్రియ వస్తుంది: ఇల్ లా రాఁద్యు ఫు. తర్వాత వచ్చేది క్రియ అయితే ఫేర్, విశేషణం అయితే రాఁద్ర్. సంతోషపెట్టడం, ధనవంతుణ్ణి చేయడం, జబ్బు చేయించడం, అన్నీ రాఁద్ర్ కిందకే. ఇక్కడ ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఒకే గుంటలోకి నెడతాయి.

క్రియ కాని నామవాచకాలతో కలిసే ఫేర్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది తెలుగువాళ్లకి అలవాటైన పద్ధతే. మనకి వంట చేయు, చప్పుడు చేయు, తప్పు చేయు, ఎంబీఏ చేయు ఎలా ఉన్నాయో వాళ్లకి ఫేర్ లా కుయిజీన్, ఫేర్ ద్యు బ్రుయి, ఫేర్ యున్ ఫోత్, ఫేర్ అఁ మాస్తేర్ అలా ఉన్నాయి. గిన్నెలు కడగడం ఫేర్ లా వెసెల్, ఇల్లు శుభ్రం చేయడం ఫేర్ ల మెనాజ్, పెట్రోలు ట్యాంకు నింపడం ఫేర్ ల ప్లెఁ. సరుకులకి వెళ్లడం ఫ్రాన్సులో ఫేర్ లే కుర్స్, క్యుబెక్‌లో ఫేర్ లెపిస్రీ. కెనడాకి సిద్ధమయ్యేవాళ్లు రెండూ తెలుసుకోవాలి. ఆటలు, వ్యాయామాలకి ద్యు, ద లా అనే ఉపపదాలు చేరుతాయి: ఫేర్ ద్యు స్పోర్. ‘చేయను’ అన్నప్పుడు అవి ‘ద’గా కుదించుకుపోతాయి: జ న ఫె పా ద స్పోర్. పరీక్షల్లో మార్కులు పోయే జాగాల్లో ఇదొకటి.

తెలుగు ‘చేయు’ ఫేర్ కాని చోట్లు: పని చేయడం త్రవాయే, ఫోన్ చేయడం తెలెఫొనే లేదా అప్‌లే, సాయం చేయడం ఎదే, స్నానం చేయడం ప్రాఁద్ర్ యున్ దూష్. చివరిదానిలో ప్రాఁద్ర్ అంటే తీసుకొను. నిర్ణయం తీసుకోవడం, ఫోటో తీయడం కూడా ప్రాఁద్రే. ప్రశ్న ‘వేయడం’ పోజే యున్ కెస్త్యోఁ, పోజే అంటే ఉంచు, పెట్టు. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్లు ‘దమాఁదే యున్ కెస్త్యోఁ’ అని అడుగుతారు, తెలుగు నుంచి వస్తే ఆ తప్పు పుట్టదు.

భయం, నొప్పి, ఆనందం లాంటివాటితో ఫేర్ వచ్చినప్పుడు ఉపపదం ఉండదు, మనిషికి ‘కి’ ఉంటుంది. ‘అది వాడికి భయం పుట్టిస్తుంది’ సా లుయి ఫె పర్. ‘సా ల ఫె పర్’ తప్పు. ఎందుకో ఇప్పటికే తెలుసు: కర్మ చోటు భయం ఆక్రమించింది. నమ్మడం దగ్గర జాగ్రత్త, మనం ‘వాణ్ణి నమ్ముతాను’ అంటాం, ఫ్రెంచిలో ‘వాడికి’, జ లుయి ఫె కోఁఫ్యాఁస్.

వాతావరణం గురించి ఆగి చెప్పాలి. నాకు చలేస్తోంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, బయట చలిగా ఉంది. మూడు సందర్భాలు, తెలుగులో మూడు కట్టుబాట్లు. ‘నేను చల్లగా ఉన్నాను’ అని తెలుగువాళ్లెవరూ చలేసినప్పుడు అనరు. ఫ్రెంచిలోనూ మూడు క్రియలు: జె ఫ్రువా, నాకు చలి ఉంది. లో ఎ ఫ్రువాద్, నీళ్లు చల్లన. ఇల్ ఫె ఫ్రువా, బయట చలి. ఆకలి, దాహం, నిద్ర, భయం, మనం ‘నాకు వేస్తోంది, వస్తోంది’ అనేవన్నీ అవ్వార్ కిందకి పోతాయి. ఇంగ్లీషులో మనిషికీ నీళ్లకీ వాతావరణానికీ ఒకే క్రియ కాబట్టి జ సుయి ఫ్రువా అనే తప్పు వస్తుంది, దానికి ‘నేను ముభావంగా ఉండే మనిషిని’ అని అర్థం. జ సుయి షో అనడం ఇంకా ఇబ్బంది, దాని అర్థాలు పెద్దల ముందు చెప్పుకునేవి కావు. ఉక్కపోస్తుంటే జె షో అనండి. విజయవాడలో మే నెల సంగతి చెప్పాలంటే ఇల్ ఫె కరాఁత్ దగ్రే, నలభై డిగ్రీలుంది. వానకీ మంచుకీ మాత్రం సొంత క్రియలున్నాయి, ఇల్ ప్లొ, ఇల్ నేజ్.

లెక్కల్లో ఫేర్ మన ‘అయింది’. కూరగాయల కొట్లో సా ఫె కోఁబ్యెఁ, ఎంతయింది? ‘ఇక్కడ ఉంటూ మూడేళ్లయింది’ సా ఫె త్రువా జాఁ క జాబిత్ ఇసి. జాబిత్ వర్తమానమే, ఇంకా ఇక్కడే ఉంటున్నాం కాబట్టి. మనం కూడా ‘మూడేళ్లుగా ఉంటున్నాను’ అనే అంటాం గానీ ‘ఉన్నాను, అయిపోయింది’ అనం. ఇంగ్లీషు కాలాన్ని మోసుకొచ్చి జె అబితే అంటే, ఖాళీ చేసి వెళ్లిపోయారా అని అడుగుతారు.

ఈ పోలికల మీద ఒక అభ్యంతరం వస్తుంది. భాష నేర్చుకునేటప్పుడు ఆ భాషలోనే ఆలోచించాలి, మాతృభాష అడ్డం అని. మాట్లాడే నిమిషంలో అది నిజమే. కానీ నేర్చుకునే మొదటి నెలల్లో ఎవరి బుర్రలోనూ ఫ్రెంచి ఉండదు, ఏదో ఒక భాష మీద నిలబడాలి. తరగతుల్లో అది ఇంగ్లీషు అవుతోంది, అదే నాకు బాధ. ప్రేరణార్థకం కష్టమని చాలా పాఠ్యపుస్తకాలు దాన్ని మధ్యస్థాయి దాకా వాయిదా వేస్తాయి. ఇంగ్లీషు పిల్లలకి అది కష్టమే. తెలుగు పిల్లలకి మొదటి నెలలోనే చెప్పొచ్చు, వాళ్లు ఏడాదంతా దాన్ని వాడుకుంటారు.

సాధనకి ఒక పద్ధతి చెప్తాను. ఒక పూటలో మీ ఇంట్లో వినిపించిన ‘-ఇంచు’ మాటలు పది రాసుకోండి: మరిగించు, తినిపించు, కుట్టించు, బాగు చేయించు, రప్పించు, ఏవైనా. ప్రేరణ లేనివి కొట్టేయండి. మిగిలినవాటికి జ ఫె పెట్టి చెప్పండి. తర్వాత అదే వాక్యంలో కర్మని సర్వనామంగా మార్చి ముందుకి తీసుకురండి. తర్వాత జె ఫె అని భూతకాలంలోకి, తర్వాత జ న ఫె పా అని వ్యతిరేకంలోకి. ‘-ఇంచుకొను’ ఉన్నవాటికి జ మ ఫె, భూతకాలంలో జ మ సుయి ఫె. ఇక్కడ జె మ ఫె అనే పొరపాటు ఎక్కువ, స చేరిన క్రియలన్నీ భూతకాలంలో అవ్వార్‌ని వదిలి ఎత్ర్‌ని పట్టుకుంటాయి. ఒక్కో మాటకి నాలుగు వాక్యాలు, పది మాటలూ మిగిలితే నలభై. గట్టిగా పైకి చెప్పాలి, మనసులో చెప్పుకుంటే ఫె, ఫెత్, ఫెఁ తేడాలు తేలవు.

చివరికి మిగిలేవి తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఆదుకోని కొన్ని. న తాఁ ఫె పా అంటే దిగులు పడకు. స ఫేర్ ఆ అంటే అలవాటు పడటం. ఎల్ ఫె జన్ అంటే ఆవిడ వయసు తెలియదు, చిన్నదానిలా ఉంటుంది. ఇల్ న ఫె క ప్లొరే అంటే ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటాడు. ఆఁ ఫెత్ అంటే నిజానికి, ఓ ఫెత్ అంటే అన్నట్టు. ఈ రెంటిలోనూ చివరి త్ పలుకుతుంది, ‘పూర్తిగా, అవును’ అనే తు తా ఫెలో మాత్రం పలకదు. సా న స ఫె పా అంటే అలా చేయకూడదు, మర్యాద కాదు. వీటికి విడదీసి చూసే ఉపాయం ఏదీ పనిచేయదు, వాక్యం వాక్యంగానే నోటికి పట్టించాలి.